హెడ్‌సెట్‌లో చూపించిన ఇల్లే కట్టమనండి

తెలంగాణ రియల్ ఎస్టేట్ నియంత్రణ ప్రాధికార సంస్థ ఛైర్మన్ గారికి,



నేను హైదరాబాద్‌లో ఆర్కిటెక్టుని. కట్టబోయే ఇంటిని ముందు కంప్యూటర్‌లో కట్టి, అందులోకి మనుషుల్ని పంపి తిప్పడం నా పనిలో ఒక భాగం. దాన్నే వర్చువల్ రియాలిటీ అంటున్నారు, మా ఆఫీసుల్లో పొట్టిగా వీఆర్. ప్రీలాంచ్ పేరుతో వసూళ్లు, ఏళ్ల తరబడి ఆలస్యాలు, కాగితం మీదే మిగిలిన క్లబ్‌హౌస్‌లు, వీటన్నిటి మధ్య మీకు తీరిక తక్కువని తెలుసు. అయినా ఇంకో రకం ఫిర్యాదు మీ గుమ్మం దాకా రాబోతోందని చెప్పడానికే ఈ ఉత్తరం. హెడ్‌సెట్‌లో చూపించిన హాలు వేరు, తాళాలిచ్చిన హాలు వేరు అని జనం మీ దగ్గరికొస్తారు. ఆ ఫైళ్లు గుట్టగా పేరుకోకముందే ఒక చిన్న ఉత్తర్వుతో సంగతి చక్కబెట్టొచ్చు.

అసలు ఈ సాధనం ఏ పనికి పుట్టిందో ముందు చెప్పాలి. తలకు తగిలించుకుని చూసే తెరను ఐవాన్ సదర్లాండ్ 1968లోనే చేసి చూపించాడు. ఇల్లు లేవకముందే అందులో నడిచి చూసే ప్రయత్నాన్ని మాత్రం 1980ల నడుమ అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంవాళ్లు గట్టిగా పట్టుకున్నారు. చాపెల్‌హిల్‌లో వాళ్ల కంప్యూటర్ సైన్స్ విభాగానికి సిట్టర్సన్ హాల్ అనే కొత్త భవనం రాబోతోంది. ఫ్రెడరిక్ బ్రూక్స్ బృందం ఆ నక్షాలు తీసుకుని భవనాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించింది. నడవడానికి ఒక ట్రెడ్‌మిల్, మలుపు తిరగడానికి దానికో హ్యాండిల్. రేపు ఆ భవనంలో పనిచేయబోయే అధ్యాపకులే ముందుగా ఆ కారిడార్లలో తిరిగారు. లాబీలో ఒక అడ్డుగోడ దగ్గర ఇరుకుగా ఉందన్నారు. ఆర్కిటెక్టులు ఒప్పుకోలేదు. కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది మరి. చివరికి వాళ్లనీ అందులో నడిపించారు. నడిచాక నోరు మెదపకుండా గోడ జరిపారు. భవనం 1987లో తెరిచారు.

ఇక్కడ ముందు నడిచింది ఎవరో గమనించండి. ఆ గదుల్లో బతకబోయేవాళ్లు. తప్పు పట్టడానికే నడిచారు. పట్టిన తప్పు దిద్దుకోవడానికి వ్యవధీ ఉంది, గోడ ఇంకా గీతగానే ఉంది. మా వృత్తివాళ్లకు ఇది కొంచెం చేదుగా ఉండే కథే గానీ, వీఆర్ గురించి నాకు తెలిసినవాటిలో దీనికంటే మంచి కథ లేదు.

అప్పట్లో ఆ వైభవం ఒక విశ్వవిద్యాలయానికే సాధ్యం. 2012లో ఓక్యులస్ అనే చిన్న కంపెనీ జనం దగ్గర చందాలు పోగేసి హెడ్‌సెట్ చేయడం మొదలుపెట్టాక ధరలు నేలకు దిగాయి. 2014లో ఆ కంపెనీని ఫేస్‌బుక్ కొనేసింది. 2023లో వచ్చిన క్వెస్ట్ 3 అమెరికాలో 499 డాలర్లకు మొదలైంది, దానికి కంప్యూటర్‌తో తీగ కూడా అక్కర్లేదు. ఇటు మేం రెవిట్‌లోనో స్కెచ్‌అప్‌లోనో గీసిన ఇంటిని ఎన్‌స్కేప్, ట్విన్‌మోషన్ లాంటివి రెండు మీటలు నొక్కితే నడిచి చూసే ఇల్లుగా మార్చేస్తున్నాయి. పొద్దున గోడ జరిపితే మధ్యాహ్నానికి క్లయింటు దాని పక్కన నిలబడొచ్చు.

ప్లాన్ చదవడం అందరికీ రాదు. రానక్కర్లేదు కూడా. బెడ్‌రూమ్ పదకొండు బై పన్నెండు అని కాగితం చూపిస్తే, అర్థం కాలేదని చెప్పడానికి మొహమాటపడి తలూపేసేవాళ్లే ఎక్కువ. అదే మనిషికి హెడ్‌సెట్ పెట్టండి. వంటగదిలోకి వెళ్లిన ఇల్లాలు చెయ్యి పైకెత్తి, "ఈ అల్మరా నాకందదు" అంటుంది. మగవాళ్లు గీసిన వంటిళ్లలో ఈ మాట వినబడి తీరుతుంది. గ్రైండరు ఎక్కడ పెట్టాలి, సిలిండర్ ఎక్కడ, గట్టు దగ్గర్నుంచి గిన్నెలు తోమే చోటు ఎంత దూరం, ఇవన్నీ నడుస్తూ నడుస్తూ అడుగుతుంది. కాలేజీలో అయిదేళ్లు చదివినా మాకెవరూ చెప్పని సంగతులు ఆ కాసేపట్లో బయటపడతాయి.

ముసలితనం గురించి కుర్ర దంపతులకు చెప్పి ఒప్పించలేం, చూపించగలం. హెడ్‌సెట్ పెట్టినవాళ్లని మామూలు కుర్చీలో కూర్చోబెట్టి, చక్రాల కుర్చీ ఎత్తులో, దాని వెడల్పుతోనే ఇల్లంతా తిప్పుతాం. హాలు దాటతారు, బెడ్‌రూమ్ దాటతారు, బాత్రూమ్ తలుపు దగ్గర ఆగిపోతారు. మన అపార్ట్‌మెంట్లలో ఆ తలుపు సాధారణంగా రెండున్నర అడుగులు. అందరికీ అందుబాటులో ఉండే కట్టడాల కోసం కేంద్రం 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు తలుపుకి 900 మిల్లీమీటర్ల ఖాళీ వెడల్పు అడుగుతున్నాయి, అంటే దాదాపు మూడడుగులు. కుర్చీ ఒకచోట గుండ్రంగా తిరగాలంటే 1,500 మిల్లీమీటర్లు కావాలి. ఈ అంకెలు ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ గుర్తుండవు. తలుపులో ఇరుక్కుపోయినవాళ్లు మాత్రం ఆ రోజే ప్లాన్ మార్చమంటారు.

అదీ డిజైన్ దశలోనే జరగాలి. ఇప్పుడు హైదరాబాద్ టవర్లలో చాలావాటిని అల్యూమినియం ఫారమ్‌వర్క్‌తో పోస్తున్నారు, సైట్ల మీద మివాన్ అంటారు. లోపలి గోడలు కూడా కాంక్రీటే, వాటిలో చాలావరకు బరువు మోసేవే. పాత ఇటుక గోడైతే మేస్త్రీని పిలిచి తలుపు వెడల్పు చేయించుకునేవాళ్లం. మివాన్ గోడ మీద సుత్తి వేయనివ్వరు, వేయకూడదు కూడా. ఒకసారి పోశాక ఆ ఇల్లు అంతే.

ఇదంతా డిజైన్ బల్ల మీది సంగతి. ఇదే మోడల్ మార్కెటింగ్ విభాగానికి చేరాక ఏమవుతుందో చూడండి. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు నేను చూసిన సేల్స్ ఆఫీసుల్లో తంతు దాదాపు ఒకటే. చల్లటి హాలు, కాఫీ, తిరిగే కుర్చీ. అమ్మగారి జడలో పూలు నలగకుండా జాగ్రత్తగా హెడ్‌సెట్ తొడుగుతారు. పక్కన నిలబడిన భర్త "ఎలా ఉంది?" అంటాడు. "పెద్దగానే ఉందండీ" అంటుందావిడ. టోకెన్ అడ్వాన్సు మాట అప్పుడెత్తుతారు.

ఆవిడకు పెద్దగా ఎందుకు కనిపించిందో విప్పి చెబుతాను. వీఆర్ అని చెప్పి చూపించేవాటిలో నడిచి చూసే ఇళ్లు తక్కువ. ఎక్కువగా ఒకే బిందువు దగ్గర నిలబెట్టి చుట్టూ 360 డిగ్రీలు గీసిన బొమ్మలు. తల తిప్పితే గది తిరుగుతుంది, అడుగు వేస్తే ఏమీ మారదు. గది కొలత మనకు తెలిసేది కదలికలోనే: మనం జరిగితే దగ్గరి వస్తువు ఎక్కువ జరిగినట్టు, దూరపుది తక్కువ జరిగినట్టు కనిపిస్తుంది. ఆ ఆనవాలు తీసేస్తే కన్ను ఏదో అందాజాగా చెబుతుంది. ఆ బిందువును అన్నిటికంటే విశాలంగా కనిపించే మూలలో పెట్టడం బొమ్మ చేసేవాడి ఇష్టం.

నడిచి చూసే మోడల్ అయితే మోసం ఉండదా? ఉండొచ్చు. ఇలాంటి మోడళ్లను నడిపే అన్‌రియల్ ఇంజిన్‌లో 'వరల్డ్ టు మీటర్స్' అనే సెట్టింగు ఉంది. మామూలుగా అది 100. ఆ ఒక్క అంకె మారిస్తే మొత్తం ఇల్లు చూసేవాడి కంటికి ఉబ్బుతుంది, లేదా కుదించుకుపోతుంది. గోడలు, కిటికీలు, సోఫా అన్నీ ఒకే నిష్పత్తిలో మారతాయి కాబట్టి అనుమానమే రాదు. పైగా కూర్చోబెట్టి చూపిస్తున్నప్పుడు కంటి ఎత్తును కూడా సాఫ్ట్‌వేరే నిర్ణయించొచ్చు. దాన్ని నాలుగంగుళాలు దించితే పైకప్పు లేచి నిలబడుతుంది.

దీనికి శాస్త్రీయమైన సాకు కూడా ఉండటమే అసలు చిక్కు. హెడ్‌సెట్‌లో మనుషులు దూరాలను ఉన్నదానికంటే తక్కువగా అంచనా వేస్తారని పరిశోధకులు ఏళ్లుగా చెబుతున్నారు. పాత హెడ్‌సెట్లలో ఇది ఎక్కువ, కొత్తవాటిలో తగ్గింది గానీ పోలేదు. మన రెండు కళ్లూ అడ్డంగా సుమారు 200 డిగ్రీలు చూస్తాయి, దుకాణంలో దొరికే హెడ్‌సెట్లు 100 డిగ్రీలకు అటూఇటూ చూపిస్తాయి. కాబట్టి ఎవరైనా, "అసలు గదే ఇరుకుగా కనబడుతోంది, అందుకే కాస్త సాగదీసి సరిచేశాం" అనొచ్చు. సరిచేయనివ్వండి. ఎంత సరిచేశారో రాసి సంతకం పెట్టమనండి.

ఇక సామాను. బొమ్మలో మంచం అయిదడుగుల వెడల్పు ఉంటుంది, మనం కొనుక్కునేది ఆరడుగులది. బట్టల అల్మరా రెండడుగుల లోతు లేకపోతే హ్యాంగరు పట్టదు, బొమ్మలో అడుగున్నరతో సరిపెడతారు. గదులకు తలుపు రెక్కలు ఉండవు, ఉంటే మంచానికి తగులుతాయి మరి. బీములు కనబడవు. బాల్కనీలో డ్రైనేజీ పైపు, ఏసీ బయటి పెట్టె, బట్టలారేసే తీగ, ఏవీ ఉండవు. (బట్టలారేసుకోని తెలుగిల్లు ఒక్కటి చూపించండి, నా ఫీజు వదిలేస్తాను.) జాతీయ భవన నిర్మాణ నియమావళి నివాస గదికి అడిగే కనీస ఎత్తు 2.75 మీటర్లు, అంటే తొమ్మిదడుగులు. ఫాల్స్ సీలింగ్ వేస్తే అందులోంచి ఇంకొంత పోతుంది. హెడ్‌సెట్‌లో మాత్రం ఫాల్స్ సీలింగూ ఉంటుంది, పైకి చూస్తే మెడా నొప్పెడుతుంది.

ఎండ విషయంలో మన తెలుగువాళ్లకు మంచి చరిత్రే ఉంది. అరసవల్లి సూర్యదేవాలయంలో ఏటా మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. 2017లో అమరావతి అసెంబ్లీ నమూనాల మీద సలహా ఇచ్చిన సినీ దర్శకుడు రాజమౌళి, సెంట్రల్ హాల్లో తెలుగు తల్లి విగ్రహం మీద సూర్యకిరణాలు పడే ఊహను వీడియో చేసి చూపించారు. విగ్రహం మీద ఎండ ఎప్పుడు పడుతుందో లెక్కగట్టగలిగినవాళ్లం, పడమటి బెడ్‌రూమ్ గోడ మీద మే నెల సాయంత్రం ఎండను లెక్కగట్టలేమా? సాఫ్ట్‌వేర్‌కి ఊరి అక్షాంశం, తేదీ, గంట ఇస్తే అదే చూపిస్తుంది. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కణ్ణుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు కాస్త ఉత్తరాన ఉంటాడు. ఉత్తరపు కిటికీకి ఎండ రాదన్న నమ్మకం ఆ మూడు నెలలు చెల్లదు. దిక్కు చూసి లక్షలు అదనంగా కట్టేవాళ్లకి ఇది చెప్పాలి కదా. సేల్స్ ఆఫీసు వీఆర్‌లో ఎప్పుడూ ఒకటే వేళ: సాయంత్రం అయిదున్నర, బంగారు రంగు వెలుతురు, ఏ దిక్కు ఫ్లాట్‌లోకైనా సమానంగా.

బాల్కనీలోకి వెళ్తే గండిపేట చెరువు దాకా ఖాళీ. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. అంత పెట్టి కొన్నవాళ్లు ఎవరి బాల్కనీ చూపు కోసమో స్థలం ఖాళీగా ఉంచుతారా? 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు, జీవో 168, ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి (స్థలాన్ని బట్టి ఇంత విస్తీర్ణమే కట్టాలన్న హద్దు) పెట్టలేదు, రోడ్డు వెడల్పునూ చుట్టూ వదలాల్సిన ఖాళీనీ బట్టి ఎత్తు తేలేలా చేసింది. అంటే పక్క ప్లాట్‌లో ఎంత ఎత్తు లేవొచ్చో ఇవాళే లెక్క కట్టొచ్చు. ఆ ఎత్తున ఒక బూడిద రంగు పెట్టె నిలబెట్టి చూపించమనండి. అందంగా ఉండక్కర్లేదు, అక్కడ ఉంటే చాలు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి కొనే మనవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. కూకట్‌పల్లిలో ఉన్నవాడు ఆదివారం సైటుకి వెళ్లి, గుంత చూసి, వాచ్‌మన్‌తో నాలుగు మాటలు మాట్లాడి వస్తాడు. దూరదేశంలో ఉన్నవాళ్లకు లింకే సైటు. పెళ్లిసంబంధానికి పంపిన ఫొటోను ఎంత దిద్దినా తాళి కట్టేలోపు మనిషిని చూస్తారు, ఇక్కడ ఫొటో చూసే తాళి కట్టాలి.

చూపించింది నమ్మి కొనేవాళ్లను చట్టం మరిచిపోలేదు. 2016 రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) 12వ సెక్షన్ ప్రకటన, ప్రాస్పెక్టస్‌తో పాటు మోడల్ అపార్ట్‌మెంట్‌నూ పేరు పెట్టి చెప్పింది. వాటిలోని తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలి. ప్రాజెక్టు నుంచి తప్పుకుంటామంటే పెట్టిన మొత్తం వడ్డీతో సహా వెనక్కివ్వాలి. 2వ సెక్షన్‌లో ప్రకటనకు ఇచ్చిన నిర్వచనం ఏ మాధ్యమమైనా, ఏ రూపంలో చేసిన ప్రచారమైనా పట్టేంత విశాలమైనది. హెడ్‌సెట్‌లో చూపించిన ఇల్లు ప్రకటన గానీ మోడల్ అపార్ట్‌మెంట్ గానీ అవుతుందన్నది నా వాదన. బ్రోచర్ అడుగున 'ఆర్టిస్ట్ ఊహ మాత్రమే' అని చీమ తలకాయంత అక్షరాలు వేస్తారు, హెడ్‌సెట్‌లో ఆ పాటి మాటకు కూడా చోటుండదు.

కానీ కేసు నిలబడాలంటే రుజువు కావాలి. బ్రోచర్ బీరువాలో దాచుకోవచ్చు. శాంపిల్ ఫ్లాట్‌ని ఫోన్లో ఫొటో తీసుకోవచ్చు. హెడ్‌సెట్‌లో చూసింది తల మీంచి తీయగానే పోతుంది. మూడేళ్ల తర్వాత తాళాలు చేతికొచ్చేసరికి ఆ ఫైలు మారిపోయి ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. "మీరు చూసింది ఇదే" అని కొత్త ఫైలు తెచ్చి చూపిస్తే కొన్నవాడు ఏం చెబుతాడు? ఆవిడకు పెద్దగా కనిపించిందనా?

అందుకే మిమ్మల్ని ముఖ్యంగా అడిగేది ఇది. కొనేవాళ్లకు చూపించే ప్రతి వీఆర్ మోడల్ నకలును, రిజిస్ట్రేషన్ నంబరుతో, తేదీతో, మీ దగ్గర దాఖలు చేయించండి. మార్చినప్పుడల్లా కొత్త నకలు. ఐఎఫ్‌సీ అనే ఫైలు పద్ధతి ఉంది, ఐఎస్‌ఓ 16739 ప్రమాణం, ఏ కంపెనీ సొత్తూ కాదు. డబ్బు పెట్టకుండా దొరికే సాఫ్ట్‌వేర్‌తో తెరిచి గోడ నుంచి గోడకు కొలుచుకోవచ్చు. సింగపూర్‌లో కోరెనెట్ ఎక్స్ ద్వారా భవన అనుమతులకే ఇలాంటి మోడళ్లు తీసుకుంటున్నారు. మనకూ 2020లో భవన అనుమతులకు టీఎస్-బీపాస్ వచ్చాక ప్లాన్లు ఆన్‌లైన్‌లో పెట్టడం అలవాటైంది.

మంజూరైన ప్లాన్‌కూ ఆ మోడల్‌కూ గదుల కొలతలు కలిశాయని ప్రాజెక్టు ఆర్కిటెక్టు సంతకం చేయాలి. మంజూరు ప్లాన్ పొందే హక్కు 19వ సెక్షన్ కొనేవాళ్లకు ఎలాగూ ఇచ్చింది, పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు కల్పిస్తే అది నిజంగా హక్కవుతుంది. హెడ్‌సెట్‌లో ఒక టేపు కూడా ఇవ్వాలి. కొలిచే సదుపాయం ఈ సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఉన్నదే, సేల్స్ ఆఫీసుల్లో దాన్ని కనబడకుండా పెడతారంతే. గోడకు గురిపెట్టి మీట నొక్కితే పదడుగుల ఎనిమిదంగుళాలు అని రావాలి. ఆవిడ అప్పుడు "పెద్దగానే ఉంది" అంటుందో "ఇంతేనా" అంటుందో ఆవిడ ఇష్టం.

బిల్డర్లు ఖర్చు సంగతి ఎత్తుతారు. మోడల్ ఇప్పటికే ఉంది, దాని నకలు ఇవ్వడానికి ఖర్చేముంది? డిజైన్ కాపీ కొడతారని భయపడితే రంగులు, సామాను తీసేసి గోడలు, తలుపులు, కిటికీలు మాత్రం ఇస్తే సరిపోతుంది. బీరంగూడలో అయిదంతస్తులు కట్టే చిన్న బిల్డరుకు వీఆర్ చేయించే స్తోమత లేదంటారు. ఆయన్ను ఎవరూ చేయించమనడం లేదు, చూపించేవాళ్లు నిజం చూపించాలన్నదే మాట. ఇంకొకటి నేనే చెబుతాను: హెడ్‌సెట్ పెడితే కొందరికి కళ్లు తిరిగి వాంతి వచ్చినట్టవుతుంది, పెద్దవాళ్లకు మరీను. అలాంటివాళ్లకు అదే మోడల్‌ను మామూలు తెర మీద, అదే టేపుతో చూపించాలి.

దీనికి చట్ట సవరణ అక్కర్లేదు. 37వ సెక్షన్ కింద ప్రమోటర్లకు, ఏజెంట్లకు ఆదేశాలిచ్చే అధికారం మీకుంది. ఒక పేజీ సర్క్యులర్‌తో పని అవుతుంది. మొదట రెండు వందల ఫ్లాట్లు దాటిన కొత్త ప్రాజెక్టులకు పెట్టి, ఏడాది నడిపి చూడండి. ముసాయిదా ప్రకటిస్తే స్కేలు, కంటి ఎత్తు, ఎండ లెక్కల భాగం రాసిపెట్టడానికి నాతో పాటు ఈ పని చేసే ఇంకొందరు ఫీజు లేకుండా వస్తారు. ఈ ఉత్తరం నకలు ఏపీ రెరాకు కూడా పంపుతున్నాను.

భవదీయుడు,
ఒక ఆర్కిటెక్టు, హైదరాబాద్